గొంతు ఎవరిది?

నిమ్మలకుంట అనే ఊళ్ళో ఒక రాత్రి తోలుబొమ్మలాట చూస్తూ చూస్తూ లేచి తెర వెనక్కి వెళ్ళాను. రావణుడి కొలువులో ఆంజనేయుడు బుద్ధులు చెబుతున్న ఘట్టం. కాళ్ళకు గజ్జెలు కట్టిన ఒక పెద్దాయన మెడనరాలు ఉబ్బేలా పద్యం ఎత్తుకున్నారు. మాట ఆయన నోట్లోంచే వస్తోంది, కళ్ళారా చూశాను. తిరిగొచ్చి చాప మీద కూర్చున్నాను. మేకతోలుకు పొడిచిన సన్నని చిల్లుల్లోంచి వెలుగు నగలై మెరుస్తోంది. అదే గొంతు, ఇప్పుడు ఆంజనేయుడిది!

సినిమాహాల్లోనూ అంతే. స్పీకర్లు ఎక్కడున్నా మాట నటుడి పెదవుల దగ్గరే వినపడుతుంది. చూపు స్పష్టంగా ఉంటే, శబ్దం ఎక్కడిదో తేల్చే పెత్తనం మెదడు కంటికిస్తుంది. దృశ్యాన్ని బాగా మసకబారిస్తే ఆ పెత్తనం చెవికి పోతుందని పరిశోధకులు డేవిడ్ అలైస్, డేవిడ్ బర్ 2004లో చూపించారు. ఏ క్షణాన దేన్ని ఎంత నమ్మాలో మెదడు తూచుకుంటుందన్నమాట.

మధ్యమెదడులో సుపీరియర్ కొలిక్యులస్ అనే చిన్న భాగం ఉంది. అక్కడి కొన్ని నాడీకణాలు వెలుగుకూ శబ్దానికీ కూడా స్పందిస్తాయి. రెండూ ఒకేచోటు నుంచి, ఒకే సమయానికి వస్తే ఆ స్పందన మరింత పెరుగుతుంది.

ఆ సమయం విలువ బొమ్మలాటవాళ్ళకు తరతరాలుగా తెలుసు. బొమ్మ చెయ్యి విసురు, పాట విరుపు, కాలికింద చెక్కపలక దెబ్బ, మూడూ కలిసి పడాలి. ఆ రాత్రి ఆటలో యుద్ధం మొదలయ్యాక ఆ పలక అదురు నేల మీదుగా నా ఒంట్లోకి పాకింది. ఒక్కసారి, అలసట వల్ల కాబోలు, దెబ్బ కాస్త వెనకబడింది. ఆ రెప్పపాటు బొమ్మ ఉత్త తోలైపోయింది. లయ కుదరగానే మళ్ళీ ప్రాణం వచ్చింది.

నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఎంతో సంతోషించాను. ఇప్పుడు ఆ ఊళ్ళో అదే తోలుతో, అవే రంగులతో లాంప్‌షేడ్లు చేస్తున్నారు. వాటితో ఇళ్ళు గడుస్తున్నాయి, అది చిన్న సంగతి కాదు. అయినా లాంప్‌షేడ్ మీది ఆంజనేయుణ్ణి చూస్తే నాకు దిగులేస్తుంది. ఆయనకు పద్యం లేదు, అడుగుల చప్పుడు లేదు. కంటికి మాత్రమే కనపడతాడు.

మీ ఊరి జాతరలో ఈసారి ఒక్క ఆట పెట్టించండి. పిల్లలకు కుర్చీలు వెయ్యకండి. తెర దగ్గరగా నేల మీదే కూర్చోబెట్టండి. ఆ పలక దెబ్బ వాళ్ళ ఒంటికీ తెలియాలి.