డొంకదారిలో ఒక చుట్టు

ఒక ఊళ్ళో బయల్దేరి, పక్క ఊరు చూసుకుని, వెళ్ళిన దారిన కాకుండా మరో దారిన మళ్ళీ మొదటి ఊరు చేరడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. సింహాచలం గిరి ప్రదక్షిణలో జనం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. కొండ చుట్టూ కాకుండా ఊళ్ళ నడుమ, తోటల పక్కగా అలా ఒక చుట్టు తిరగాలంటే మాత్రం నూజివీడు మెట్టకు రావాలి. అక్కడి నుంచి ఆగిరిపల్లి వైపు వెళ్ళినా, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు వెళ్ళినా మామిడి తోటలే. ఆ తోటల మధ్య ఊరికీ ఊరికీ వేసిన డొంకలే ఈ నడకకు దారి.

నూజివీడు రసాలను పొగిడినవాళ్ళకు లెక్కలేదు. ఆ రసాలు తోట దాటి వచ్చిన డొంకను ఒక పనితనంగా చూసినవాళ్ళు మాత్రం అరుదు. తరతరాల రైతులు, కూలీలు పారతో, గునపంతో తీర్చిన కట్టడం అది. శిలాఫలకం లేదు కాబట్టి మన కంటికి ఆనడం లేదు.

డొంక రెండు పక్కలా తోట గట్లు, మధ్యలో ఎర్రమట్టి బాట. బాట ఎప్పుడూ తోట కన్నా కాస్త పల్లంలో ఉంటుంది. బండి చక్రాలు, పశువుల గిట్టలు ఏళ్ళ తరబడి మట్టిని తొలిస్తే వానలు కడిగేశాయి. గట్టు మీద మాత్రం రైతు ఏటా మట్టి ఎగదోస్తూ వచ్చాడు. ఈ ఎత్తుపల్లాల్లోనే అసలు నేర్పంతా ఉంది. మామిడికి మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే పడదు. గట్టి వాన కురిసినప్పుడు తోటలో మిగులు నీరు గట్టుకు వదిలిన గండిలోంచి డొంకలోకి దిగుతుంది. డొంక దాన్ని చెరువుకో వాగుకో చేరుస్తుంది. డెల్టాలో మురుగు కాలవ చేసే పనిని మెట్టలో దారే చేసిపెడుతుంది. వాగు అడ్డొచ్చిన చోట చప్టా ఉంటుంది. నీళ్ళు దాని మీదుగా పొర్లిపోతాయి, వాన వెలిశాక బాట మళ్ళీ నడకకు పనికొస్తుంది.

కంచె దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. గట్టు బయటి అంచున కిత్తనార, దాని వెనక నాగజెముడు, సందుల్లో ఎండు తుమ్మకంప. ముందు మొన, తర్వాత ముల్లు, చివర కంప. పశువు ఏ ఎత్తున మూతి పెట్టినా గుచ్చుకునేలా కట్టిన వరస ఇది. కిత్తనార ఆకు నుంచి నార కూడా వస్తుంది. గట్టు పొడుగునా నిలిచిన తాటిచెట్లు వేళ్ళతో మట్టిని పట్టి ఉంచి, ఆకులతో పాకలకు కప్పు ఇచ్చాయి. తోటలోకి దూరే చోట రెండు గుంజలు దగ్గరగా పాతి, వాటికి ఎదురుగా అడుగు దూరంలో మూడోది నిలబెడతారు. మనిషి ఒళ్ళు పక్కకు తిప్పి దూరిపోతాడు, గేదెకు సందు పట్టదు. తలుపు లేదు, గడియ లేదు, తాళం లేదు.

కంచె మీదుగా లోపలికి చూస్తే ఇంకో లెక్క కనిపిస్తుంది. మామిడికి వాడుకలో ఉన్న దూరం మొక్కకూ మొక్కకూ పది మీటర్లు, అంటే 33 అడుగులు. భూములు కొలిచిన సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. అరగొలుసుకో చెట్టు చొప్పున నాటితే ఎకరానికి సరిగ్గా 40 చెట్లు వస్తాయి, ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. డొంకలో నడుస్తూ చూస్తే వరసలు ముందు నిలువుగా, నాలుగడుగులు వేశాక ఐమూలగా తెరుచుకుంటాయి. ఇప్పుడు ఐదు మీటర్ల దూరంతో ఎకరానికి 160 మొక్కలు పెట్టే పద్ధతి వచ్చింది. పాత తోట నీడ ఎంత విశాలమో ఆ రెండూ పక్కపక్కన చూస్తే తెలుస్తుంది.

ఈ మెట్టన ఒకప్పుడు నూజివీడు జమీందారీ ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఇలాంటి ఎస్టేట్లు, వాటిలోని ఉమ్మడి భూములు, పోరంబోకులతో సహా ప్రభుత్వపరం అయ్యాయి. సర్వే జరిపి రైత్వారీ పట్టాలిచ్చారు. డొంక పోరంబోకుగా రికార్డుకెక్కింది, గ్రామపటంలో గీతలుగా నిలిచింది. మలుపు దగ్గర గడ్డిలో కూరుకుపోయిన హద్దురాయి కనిపిస్తే కాలితో తన్నకండి. దారి ఎవరి సొంతమూ కాదని సాక్ష్యం చెప్పేది అదే.

ఏప్రిల్, మే నెలల్లో నడిస్తే డొంక కొలువులో ఉన్నప్పుడు చూడొచ్చు. చిక్కంతో కాయను తొడిమతో సహా దించుతారు. తొడిమ ఊడితే సొన కారి తొక్క మాడుతుంది. చిన్నరసం కుదుపుకు ఓర్చుకునే పండు కాదు. అందుకే బండి అడుగున ఎండుగడ్డి పరిచేవారు, బాటలో గుంటలు పూడ్చేవారు. పూత చూడాలంటే జనవరి మంచిది, ఎండా తక్కువ. తెల్లారకముందే బయల్దేరండి, నీళ్ళు పట్టుకెళ్ళండి, రైతును అడగకుండా తోటలో అడుగు పెట్టకండి.

ఇంగ్లండులో 1949లో చట్టం చేసి పల్లెల్లోని కాలిబాటలకు అధికారిక పటాలు గీయించారు. ఈనాటికీ అక్కడి జనం ఆ దారులు చూపే పటం చేతపట్టుకుని ఊళ్ళు చుట్టి వస్తారు. మనకూ గ్రామపటం ఉంది, అందులో డొంక ఉంది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. లేనిదల్లా నడిచే మనుషులే. బండ్లు పోయి, పశువులు తగ్గి, చాలా డొంకలు ముళ్ళతో మూసుకుపోతున్నాయి. కొన్ని పక్క పొలాల్లో కలిసిపోతున్నాయి.

మీభూమి పోర్టల్‌లో మీ ఊరి పటం తీసి, రెండు డొంకలు కలిపి ఒక చుట్టు గుర్తు పెట్టుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకుని నడవండి. దారి మూసుకుపోయిన చోట సర్వే నంబరు వేసి పంచాయతీకి అర్జీ ఇవ్వండి. డొంకను కాపాడేది చట్టం ఒక్కటే కాదు, అందులో పడే అడుగులు కూడా.