నునుపు పోతలోనే రావాలి

ఉస్మానియా క్యాంపస్ దాటి అడిక్‌మెట్ సందుల్లోకి వస్తే, ఒక ఇంటి ముందుగదిలో కుంపటి కనిపిస్తుంది. దాని ముందు కూర్చున్న పెద్దాయన అవుసలి, మా వీధికి చారిగారు. పాత పట్టీలు, తెగిన మొలతాళ్లు కరిగించి 50 గ్రాముల వెండి కడ్డీ పోస్తారు. ఆకురాయి తగలకుండానే ఆ కడ్డీలో ట్యూబులైటు నీడ కనిపిస్తుంది. అతిశయోక్తి అనుకుంటే వెళ్లి చూడండి.

చిన్న కడ్డీయే కదా అనకండి. 50 గ్రాముల వెండి కరిగితే దాదాపు ఒక టీ చెంచాడు, అంతే. అంత కొంచెం లోహం, కరిగించే మూస అంచు దాటీ దాటకముందే గడ్డకట్టబోతుంది. కిలో దిమ్మె పోసేవాడికి ఉండే వెసులుబాటు ఇక్కడ లేదు.

వెండి 961 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, బంగారం 1064 దగ్గర. చారిగారికి కన్నే కొలత. కొత్త మూసకు ముందు వెలిగారం పట్టించి, లోపల గాజులా మెరిసేదాకా కాలుస్తారు. వెండి కరిగాక మరో చిటికెడు చల్లితే మలినం దానికి అంటుకుని పక్కకు తప్పుకుంటుంది. అసలు చిక్కు గాలితోనే. కరిగిన వెండి తన పరిమాణానికి ఇరవై రెట్ల దాకా ఆక్సిజన్ తాగి, గడ్డకట్టేటప్పుడు కక్కేస్తుంది. కడ్డీ మీద పొక్కులు, గుంటలు అందుకే. మూసలో తేలే చిన్న బొగ్గుముక్క ఆ ఆక్సిజన్‌ను తాను లాక్కుంటుంది.

కడ్డీ పోసే ఇనుప గాడికి దీపం మసి పట్టించి, చెయ్యి పెట్టలేనంత వేడి చేస్తారు. తడి మిగిలితే ఆవిరి పేలి లోహం మొహాన చిందుతుంది. “గాడి సల్లగుంటే వెండి అలుగుతది బిడ్డా” అంటారాయన. అలిగిందంటే ముడతలే! పట్టకారు వంచాక ధార తెగకూడదు, తెగితే అతుకు గీత పడుతుంది. పోశాక పైన కాసేపు మంట ఆడిస్తారు, లేకుంటే నడుమ కుంగిపోతుంది. ఆపైన చింతపండు పులుసు, కుంకుడు నురగ. అంతే.

అన్ని నగలకూ తల్లి ఈ కడ్డీయే. కరీంనగర్ ఫిలిగ్రీ పనివాళ్లు దీన్నే సాగగొట్టి, కమ్మచ్చు బెజ్జాల్లోంచి లాగి వెంట్రుకంత తీగ తీస్తారు. పోతలో ఒక్క పొక్కున్నా తీగ అక్కడే తెగుతుంది. ఆ పనిని ఎలగందులలో కడార్ల రామయ్య మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. 2007లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది. 2023లో జీ-20 అతిథుల కోసం అశోకచక్రం బ్యాడ్జీలు చేసిందీ ఆ చేతులే.

మరి మనం కొంటున్నదేమిటి? జర్మన్ సిల్వర్! పేరులోనే వెండి, ఒళ్లంతా రాగి, నికెల్, జింకు. గృహప్రవేశమైనా సీమంతమైనా చేతిలో పెట్టేది అదే కుంకుమ భరిణె. కంసాలి తల్లి బంగారమైనా వదలడని సామెత కట్టిన జనమే, వీసమెత్తు వెండి లేని పళ్లేనికి అడిగినంత ఇచ్చి వస్తున్నారు. కళ్లెదుట తూచి, కళ్లెదుట కరిగించేవాడి మీదేమో అనుమానం. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇంట్లో తెగిన పట్టీలుంటే మీకు దగ్గరలోని అవుసలి దగ్గరికి తీసుకెళ్లండి. ముందు తూయించండి, ఎదురుగా కూర్చోండి, పోశాక మళ్లీ తూయించండి. కడ్డీని తిరగేసి అడుగు చూడండి. మెరుగుపెట్టిన పైభాగం ఎవరినైనా మోసం చేయగలదు, గాడిలో పుట్టిన అడుగు చేయలేదు.