తంత్రికీ ఆంప్లిఫయర్‌కూ నడుమ

ఎలక్ట్రిక్ గిటారులో స్వరాన్ని పుట్టించేది తంత్రే అయినా, దాని కంపనాన్ని విద్యుత్తుగా మార్చి ఆంప్లిఫయర్‌కు అందించేది తంత్రుల కింద అమర్చి ఉండే పికప్. అయస్కాంతాల చుట్టూ, వెంట్రుకంత సన్నని ఎనామెల్ పూత రాగి తీగను కొన్ని వేల చుట్లు చుట్టి దీన్ని తయారుచేస్తారు. ఉక్కు తంత్రి కదిలినప్పుడల్లా అక్కడి అయస్కాంత క్షేత్రం మారి, ఆ తీగచుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణకు ఇది చక్కని ఉదాహరణ. గిటారుతో పాటు వచ్చిన పికప్‌ను తీసి మరొకటి బిగించుకోవడం ఇప్పుడు మామూలు విషయమే కానీ, అందుకు పూనుకునేవారిలో చాలామంది డబ్బా మీది అంకెలను నమ్మినంతగా తమ చెవిని నమ్మకపోవడం విచారించవలసిన సంగతి.

పికప్‌లలో ప్రధానమైన రకాలు రెండు. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ (1954 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో ఇలాంటివి మూడు ఉన్నాయి) స్వరాన్ని తేటగా పలికిస్తుంది గానీ చుట్టుపక్కల విద్యుత్ తీగల నుంచి వెలువడే రొదను కూడా పట్టుకుంటుంది. మన దేశంలో ఆ రొద 50 హెర్ట్జ్ కరెంటుది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు ఉన్న గదిలో దానికి జిర్రుమనే చప్పుడు కూడా తోడవుతుంది. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సేత్ లవర్ రెండు చుట్టలను పరస్పర వ్యతిరేక దిశల్లో కలిపి, వాటి అయస్కాంత ధ్రువాలను కూడా తారుమారు చేసి, రొద రద్దయ్యేలా, తంత్రి నాదం మాత్రం కూడుకునేలా రూపొందించి 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. హమ్‌బకర్ అన్నది దానికి నిలిచిన పేరు. మార్పిడి కోసమే పికప్‌లు తయారుచేసి అమ్మే వ్యాపారం మాత్రం 1970లలో, లారీ డిమార్జియో, సేమూర్ డంకన్ వంటి వారి చేతుల మీదుగా అమెరికాలో నిలదొక్కుకుంది.

కొనుగోలుదారును ఎక్కువగా తప్పుదారి పట్టించేది నిరోధం అంకె. తీగచుట్ట విద్యుత్ ప్రవాహాన్ని ఎంత అడ్డుకుంటుందో చెప్పే ఈ కొలత స్ట్రాటోకాస్టర్ తరహా పికప్‌లో సుమారు 6 కిలో ఓములు, పాతకాలపు హమ్‌బకర్‌లో సుమారు 8 ఉంటుంది. అంకె పెరిగితే ధాటి పెరుగుతుందని అనుకోవడం పరిపాటి. కానీ చుట్లు పెంచకుండా తీగను మరింత సన్నం చేసినా ఆ అంకె పెరుగుతుంది. రాగి నిరోధం ఉష్ణోగ్రతను బట్టి డిగ్రీకి 0.4 శాతం చొప్పున మారుతుంది కనుక, 20 డిగ్రీల చల్లని గదిలో 8 కిలో ఓములు చూపిన పికప్ మే నెల విజయవాడ ఎండలో, 40 డిగ్రీల వద్ద, దాదాపు 8.6 చూపుతుంది, అంతమాత్రాన నాదంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. నాద స్వభావాన్ని ఎక్కువగా నిర్ణయించేది తీగచుట్ట ప్రేరకత్వం, అంటే మారే విద్యుత్తును అది నిలువరించే గుణం. ఇది గిటారు కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి ఏ స్థాయి పౌనఃపున్యం ఉబికి వినిపించాలో తేలుస్తుంది. అందువల్ల కేబుల్ పొడవు మారినా పికప్ స్వభావం కొంత మారినట్లే ఉంటుంది. వాల్యూమ్ పాట్, అంటే ధ్వని స్థాయిని మార్చే గుండీ కింది నిరోధకం, విలువ కూడా ఇందులో భాగమే: సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓములు, హమ్‌బకర్‌కు 500 వాడడం ఆనవాయితీ, తక్కువ విలువ నాదాన్ని మెత్తబరుస్తుంది.

ఇంత విచారించే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది, దానికి ఒక స్క్రూడ్రైవర్ చాలు. తంత్రిని చివరి మెట్టు దగ్గర నొక్కి పట్టి, పికప్‌కూ తంత్రికీ మధ్య రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎడం ఉండేలా సవరించి, మళ్లీ వాయించి చూడాలి. అయస్కాంతం మరీ దగ్గరైతే తంత్రిని లాగిపట్టి, శ్రుతిని కలుషితం చేసి, స్వరం నిలిచే కాలాన్ని తగ్గిస్తుంది; పికప్ బాగాలేదన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ సవరణతోనే తీరిపోతాయి. గమకం వాయించేవారు దీన్ని మరింత పట్టించుకోవాలి. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్‌ను కర్ణాటక సంగీతానికి అనువుగా మలచినప్పుడు జంట తంత్రులను వదిలి, ఐదు ఒంటి తంత్రుల ఎలక్ట్రిక్ వాద్యాన్ని ఎంచుకోవడం, ఒక్క మీటుకు స్వరం ఎంతసేపు నిలవాలన్న ప్రశ్నతో ముడిపడినదే. గిటారు మీద రాగం పలికించదలచినవారికి బలమైన సిరామిక్ అయస్కాంతాలున్న పికప్ కన్నా, అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిసిన ఆల్నికో రకంలో మితమైన బలం గలది మేలు.

బిగించేటప్పుడు మొదట పాత అమరికను ఫొటో తీసి పెట్టుకోవాలి. నాలుగు తీగల హమ్‌బకర్‌లో రంగుల అర్థం తయారీదారును బట్టి మారుతుంది: డంకన్ పికప్‌లో ఆంప్లిఫయర్ వైపు వెళ్లేది నల్ల తీగ, ఎరుపూ తెలుపూ ఒకదానితో ఒకటి కలపాలి, డిమార్జియోలో వెళ్లేది ఎర్ర తీగ, కలపవలసినవి నలుపూ తెలుపూ. రెండింటిలోనూ ఆకుపచ్చ తీగ, పూత లేని తీగతో కలిసి, గ్రౌండుకు వెళ్తుంది. గ్రౌండు తీగను పాట్ వీపు మీద సోల్డరింగ్ చేసేటప్పుడు ఆ లోహం వేడిని లాగేసుకుంటుంది కనుక, తక్కువ వాటేజీ ఐరన్‌ను చాలాసేపు ఆనించి ఉంచితే పాట్ లోపలి భాగాలే మాడిపోతాయి. చాలినంత వేడి గల ఐరన్‌తో, కొద్ది సెకన్లలో ముగించాలి. టంకం ఉండకట్టకుండా నునుపుగా పరచుకుంటే అతుకు బాగా పడినట్లు. తంత్రులు ఎక్కించకముందే కేబుల్ తగిలించి, ప్రతి పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తడితే ఏది పలుకుతోందో తెలుస్తుంది. రెండు పికప్‌లు కలిపినప్పుడు నాదం పలచబడి ముక్కుతో పలికినట్లుంటే వాటి ఫేజ్, అంటే తరంగాల దిశ, ఒకదానికొకటి ఎదురుగా ఉన్నట్లు. ఒకదాని తీగలను అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది. లోహపు మూతే గ్రౌండుకు కలిసి ఉన్న రెండు తీగల హమ్‌బకర్‌లో మాత్రం ఇలా మార్చకూడదు, మారిస్తే మూత ద్వారా రొద లోనికి వస్తుంది.

కొత్త పికప్ పట్టడం లేదని గిటారు చెక్కను ఉలితో తొలిచేవారు ఉన్నారు. కొలతలు ముందే చూసుకుని సరిపడేది కొంటే ఆ అవసరమే రాదు, తొలిచిన చెక్క తిరిగి రాదు. తీసిన పాత పికప్‌ను కూడా తీగలు కురచగా కత్తిరించకుండా, అతుకు దగ్గరే టంకం కరిగించి విడదీసి, దాని మరలతో సహా ఒక పొట్లంలో భద్రపరచండి. రేపు గిటారును అమ్మదలిస్తే కొనేవారు మొదట అడిగేది అదే.