ఫుల్ వర్జీనియా ఫ్లేక్: ఒక రుచి, కొన్ని తీర్పులు

శామ్యూల్ గావిత్ వారి ఫుల్ వర్జీనియా ఫ్లేక్ అనే పైపు పొగాకు మీద ఇంగ్లీషులో కుప్పలు తెప్పలుగా సమీక్షలున్నాయి. వర్జీనియా ఆకు తప్ప వేరే ఆకు కలపని ఫ్లేకుల్లో దీన్ని చాలామంది ఒక కొలబద్దలాగా వాడతారు. ఆ సమీక్షలు ఓ యాభై దాకా చదివాక నాకో అనుమానం వచ్చింది. వీళ్ళు పొగాకు రుచి చూస్తున్నారా, లేక ఒకరి సమీక్షని ఇంకొకరు రుచి చూస్తున్నారా? అందరికీ అదే ఎండుగడ్డి, అదే ఉడికించిన ప్లమ్ పండు, అదే అంజీర్. సరే, నేనే చూద్దామని మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ పొగాకు గురించీ, నేను దానికిచ్చిన తీర్పు ఎక్కడెక్కడ తప్పిందన్న దాని గురించీ.

ముందే ఒక మాట. పైపు పొగ నోటి క్యాన్సర్‌కీ, గొంతు క్యాన్సర్‌కీ, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ దారి తీస్తుంది. లోపలికి పీల్చకపోతే ఏం కాదన్నది అబద్ధం. సినిమాకి ముందు వేసే హెచ్చరికలాగా దీన్ని చదివి మర్చిపోకండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇది తయారయ్యే ఊరు కెండాల్, ఇంగ్లండ్ ఉత్తరాన, కొండలూ సరస్సులూ ఉన్న ప్రాంతంలో. మాంచెస్టర్‌లో ప్రాజెక్టు పని మీద ఉన్నప్పుడు ఒక శనివారం వెళ్ళాను. ఆక్సెన్‌హోమ్‌లో దిగి, విండర్‌మియర్ వెళ్ళే చిన్న రైలెక్కితే తర్వాతి స్టేషనే కెండాల్. బూడిద రంగు సున్నపురాయి ఇళ్ళు, కొండలెక్కేవాళ్ళు జేబులో వేసుకెళ్ళే పుదీనా పంచదార బిళ్ళలు, సన్నటి వాన. పొగాకు పండే నేల కాదు, ఆ వాతావరణమూ కాదు. అయినా 1792లో థామస్ హారిసన్ అనే ఆయన గ్లాస్గో నుంచి నస్యం తయారుచేసే యంత్రాలు తెచ్చి ఇక్కడ పెట్టాడు. అమెరికా నుంచి వచ్చే పొగాకుకి అంతకు కొన్ని దశాబ్దాల ముందు దగ్గర్లోని వైట్‌హేవన్ ఒక ముఖ్యమైన రేవు. ఆ వ్యాపారం తర్వాత గావిత్ కుటుంబం చేతికొచ్చి, రెండు కంపెనీలుగా చీలి, 2015లో మళ్ళీ ఒకే గూటికి చేరింది. అంటే ఈ పొగాకులో ఇంగ్లీషుదనం ఆకులో లేదు, ఆకుని ఏం చేశారన్న దాంట్లో ఉంది.

ఏం చేస్తారు? వర్జీనియా ఆకుని ముందు బ్యారన్‌లో వేడిగాలికి ఆరబెడతారు. పచ్చాకు పసుపుకి తిరిగే ఆ కొద్ది రోజుల్లో దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. బాగా పండిన ఆకులో చక్కెర బరువులో ఐదో వంతు దాకా ఉండొచ్చు. ఆ ఆకుకి ఈనె తీసి, తడిపి, పొరలు పొరలుగా పేర్చి, ఆవిరి పట్టి, బరువు కింద అణిచి దిమ్మ చేస్తారు. ఆ దిమ్మని పలచటి బద్దలుగా కోస్తే అదే ఫ్లేక్. వేడీ, ఒత్తిడీ, చక్కెరా ఒకచోట చేరితే ఏమవుతుందో మనకి కొత్తేం కాదు. చెరుకు రసం కాగి కాగి బెల్లమయ్యేటప్పుడు రంగూ వాసనా మారినట్టే ఇక్కడ ఆకు మారుతుంది. పసుపు పచ్చటి ఆకు ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది, పచ్చి ఘాటు తగ్గుతుంది.

టిన్ను మూత తీస్తే పొడవాటి బద్దలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి, తడితడిగా, దాదాపు నల్లగా. వెంటనే అంటిస్తే అంటుకోదు. ఒక బద్ద తీసి కాగితం మీద గంటసేపు ఆరబెట్టాలి. తర్వాత రెండు పద్ధతులు. బద్దని అలాగే మడిచి గిన్నెలో కూరొచ్చు, నెమ్మదిగా కాలుతుంది. లేదా వేళ్ళతో నలిపి పోగులు విడదీసి నింపొచ్చు, తేలిగ్గా అంటుకుంటుంది కానీ వేడెక్కుతుంది. నేను రెండోదే ఎక్కువ చేశాను. తొందరమనిషికి ఈ పొగాకు వెంటనే శిక్ష వేస్తుంది. గట్టిగా లాగితే రుచి పోయి నాలుక చురుక్కుమంటుంది, రెండు రోజులు కాఫీ కూడా తాగలేం. ఆరుతుందేమో అన్నంత నెమ్మదిగా లాగితేనే తీపి కనిపిస్తుంది.

ఆ తీపి గురించి. మొదటి పావుగంటలో నాకు తోచింది వాన పడ్డ గడ్డివాము. ఇంగ్లీషువాళ్ళు చెప్పే ఎండుగడ్డి వేరు, అది పచ్చిక బయళ్ళలో కోసి ఎండేసింది. నాకు తెలిసింది వరిగడ్డి. రెంటి వాసనా ఒకటి కాదు. నేను వాళ్ళ మాట అరువు తెచ్చుకుని రాసుంటే మీకు అర్థమయ్యేది, కానీ అది నా ముక్కుకి తెలిసిన నిజం కాదు. అలాగే ప్లమ్ పండు. దాన్ని నేను మొదటిసారి తిన్నది ఇరవై ఏడో ఏట, సూపర్ మార్కెట్లో కొని. ఈ పొగాకు సగం కాలాక వచ్చే ఆ పులుపు తీపిని నా నాలుక వేరే చోట పెట్టింది: రేగు వడియం. ఎండలో ఎండి, బెల్లం పట్టి, అంచున కాస్త ఉప్పగా ఉండే రేగు వడియం. టిన్ను వాసనైతే కుండలో పాతబడిన నల్లబెల్లం, పక్కనే కొత్త చింతపండు. ఇవి దొరికిన రోజున నాకు ఇంగ్లీషు సమీక్షల మీద కోపం పోయింది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, వాళ్ళ వంటింట్లోంచి చెప్పారు.

మిగతా వాటితో పోల్చి చూస్తే దీని గుణం ఇంకా తెలుస్తుంది. అదే కంపెనీ బెస్ట్ బ్రౌన్ ఫ్లేక్ దీనికి చెల్లెలి లాంటిది. రంగు లేత, పులుపు ముందుకొస్తుంది, కాస్త హుషారు. గావిత్ హాగర్త్ వారి ఎన్నర్‌డేల్ ఫ్లేక్ పూర్తిగా ఇంకో దారి. దానికి పూల సెంటు దట్టంగా పట్టిస్తారు, ఆ ప్రాంతపు పాత అలవాటు. సబ్బు వాసనని చాలామంది ముక్కు మూసుకుంటారు. జర్దా కిళ్ళీ వాసన మధ్య పెరిగినవాడిని కాబట్టి నాకు అది వింతగా అనిపించలేదు. ఫుల్ వర్జీనియాలో సెంటు మోత లేదు. ఆకూ, ఆవిరీ, కాలమూ. ఇందులో రుచులు ఎక్కువేం లేవు, రెండో మూడో. కానీ వాటిలోనే కిందికి దిగుతూ పోతుంది. చాలామంది సమీక్షకులు దీన్ని సంక్లిష్టం అంటారు. నా లెక్కలో ఇది సంక్లిష్టం కాదు, సరళమైన రుచి, కాకపోతే చిక్కగా ఉంటుంది.

ఇక్కడిదాకా నా మీద నాకు నమ్మకం బానే ఉంది. తర్వాత పాడైంది.

వృత్తి అలవాటు కొద్దీ ప్రతి పైపుకీ ఒక వరస రాసుకున్నాను: తేదీ, ఎంతసేపు ఆరబెట్టాను, ఏం తిన్నాను, ఏం రుచి తెలిసింది, పదికి ఎన్ని మార్కులు. నెల తిరిగాక చూసుకుంటే సిగ్గేసింది. ఒకే టిన్ను, ఒకే పైపు. ఒక రోజు 'రేగు వడియం, నల్లబెల్లం' అని రాశాను. ఇంకో రోజు 'మాడిన చపాతీ, అంతే' అని రాశాను. సరే, నాలుక రోజూ ఒకలా ఉండదు అని సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మార్కుల వరస. ముందురోజు పైపు మానేసిన ప్రతిసారీ మరుసటి రోజు మార్కులు ఎక్కువగా ఉన్నాయి. చివరి మూడో వంతుకి నేను మళ్ళీ మళ్ళీ వాడిన మాట 'లోతు'. ఆ మాట రాసిన రోజుల్లో పక్కన ఇంకో గమనిక కూడా ఉంది: 'తల కొంచెం తేలికగా ఉంది'.

అంటే లోతు పొగాకుది కాదు, నికోటిన్‌ది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నిన్నటి నికోటిన్ దిగిపోయి ఒళ్ళు అడుగుతున్నది ఇవాళ దొరికితే కలిగే ఉపశమనం. దాన్ని నేను అందం అనుకుని మార్కులు వేస్తున్నాను. తీర్పు చెప్పాల్సిన కుర్చీలో కక్షిదారే కూర్చున్నాడు. ఈ సంగతి చెప్పని పొగాకు సమీక్ష ఎంత బాగా రాసినా సగం సమీక్షే. పుస్తకాల మీద రాసే మనకీ ఇది వర్తిస్తుందేమో. చిన్నప్పటి ఊరు కనిపించగానే కథకి మార్కులు పెరగడం నేను నాలోనే చూశాను.

చిన్నప్పటి ఊరు అన్నాను కాబట్టి అసలు విషయం చెప్పాలి. మాది ప్రకాశం జిల్లా. నాన్న వర్జీనియా పండించాడు. ఆంధ్రా ఆకుని ప్రపంచ మార్కెట్ ఎక్కువగా ఫిల్లర్ కిందే లెక్కేస్తుంది, అంటే తనకంటూ పెద్ద రుచి లేకుండా మిశ్రమంలో చోటు నింపే ఆకు. ఆ మాట చదివిన రోజు ఎవరో మా ఇంటిపేరు తప్పుగా పలికినట్టు అనిపించింది.

సెలవుల్లో నాన్నతో వేలం కేంద్రానికి వెళ్ళేవాణ్ణి. బేళ్ళు వరసగా పెట్టి ఉంటాయి. కొనేవాళ్ళు వరస వెంట నడిచొస్తూ ఒక్కో బేలులోంచి పిడికెడు ఆకు లాగి, రంగు చూసి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంటారు. బ్రైటా, మీడియమా, లో గ్రేడా? మొత్తం కొన్ని క్షణాలు. ఎవరూ ధర చెప్పకపోతే నోబిడ్. నేను చూసినవాటిలో అతి చిన్న సమీక్ష అదే, అన్నిటికంటే బరువైనది కూడా. ఒకసారి మా బేలు నోబిడ్ అయింది. నాన్న ట్రాక్టర్ మీద ఏం మాట్లాడలేదు. ఊరు దగ్గర పడ్డాక అన్నాడు, "ఆకు బానే ఉందిరా. ఆయనకే ఇవాళ ముక్కు సరిగ్గా లేదు." తర్వాతి వారం అదే బేలు తీసుకెళితే కొన్నారు. అప్పుడది నాన్న తనకి తాను చెప్పుకున్న ఓదార్పు అనుకున్నాను. నా నెలరోజుల వరసలు చూసుకున్నాక తెలిసింది, ఆయన చెప్పింది అక్షరాలా నిజం అయ్యుండొచ్చని. తేడా అల్లా, నా ముక్కు సరిగ్గా లేని రోజున మాడిన చపాతీ అని రాసుకుని పడుకున్నాను. ఆయనకి ఆ రోజు అప్పులవాడికి ఏం చెప్పాలో తెలీలేదు.

అమ్మ సంగతి ఇంకోటి. ఆకు కోతల రోజుల్లో తెల్లవారుజామునే మంచు తడితో ఉన్న పచ్చాకు మోసేవాళ్ళు. తడి ఆకులోంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తల తిరుగుడు, వాంతులు. మా ఊళ్ళో దానికి 'ఆకు పట్టింది' అనేవాళ్ళు, దిష్టి తగిలిందన్నంత మామూలుగా. జిగురు చేతులకి అంటుకుని నల్లగా గడ్డ కడుతుంది. చింతపండు పెట్టి తోమినా ఓ పట్టాన పోదు. ఆ చేత్తో అమ్మ కలిపి పెట్టిన పప్పన్నం ముద్ద ఎంత బాగున్నా అంచున చేదు తగిలేది. నేను పొగాకు రుచి మొదటిసారి చూసింది మాంచెస్టర్‌లో కాదు, ఆ ముద్దలో. ఏ సమీక్షలోనూ ఆ రుచికి పేరు లేదు.

ఇక తీర్పు. ఫుల్ వర్జీనియా ఫ్లేక్ చాలా గొప్పగా తయారైన వస్తువు. ఆకులో ఉన్న తీపిని సెంట్లతో కప్పకుండా ఆవిరితో, ఒత్తిడితో బయటికి తీయడంలో కెండాల్ వాళ్ళ పనితనం కనపడుతుంది. నాలుక మీద దాని ఉత్తమమైన భాగం మొదటి సగం. ఆ తర్వాత మీకు తోచేదంతా మీ ఒంట్లో మందు మాట్లాడేది, దాన్ని నమ్మకండి. అంటించమని ఎవరికీ చెప్పను. ఇన్నాళ్ళూ కాల్చిన నేను ఈ మాట చెప్పడం కొంచెం కపటంగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. రుచి బాగుందా అంటే బాగుంది. ఆ రుచికి కట్టాల్సిన ధర కాల్చేవాడి గొంతూ, కోసేవాళ్ళ ఒళ్ళూ అయినప్పుడు, బాగుందన్న మాట దగ్గరే ఆగిపోయే సమీక్షకి నేను నోబిడ్ అంటాను.

పైపు మానేసి నాలుగు నెలలైంది. టిన్నులో ఇంకా సగం ఉంది, పారేయలేదు. మొన్న ఆదివారం మూత తీసి వాసన చూస్తూ అమ్మకి ఫోన్ చేశాను. నల్లబెల్లం వాసనొస్తోందమ్మా, మన ఆకు ఎప్పుడైనా ఇలా వచ్చిందా అని అడిగాను. అవతల కాసేపు ఏం లేదు. "ముట్టుకున్నావా?" అంది. ముట్టుకున్నానన్నాను.

"అయితే చేతులు రెండుసార్లు కడుక్కుని అన్నం తిను."