ఇంట చేసిన చిన్న లౌడ్‌స్పీకరు: గుణదోష విచారణ

తెలుగు చిత్రము 1932 లో "భక్త ప్రహ్లాద"తో మాట నేర్చినది. నాటి నుండి యంత్రములెన్ని మారినను, ధ్వని శాఖవారి తొలి ప్రశ్న మాత్రము మారలేదు: ప్రేక్షకునకు మాట తెలియుచున్నదా, లేదా? మద్రాసు నుండి మెల్లమెల్లగా తరలివచ్చిన పరిశ్రమకు, 1976 లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిన తరువాత, హైదరాబాదులోని జూబిలీహిల్స్, ఫిలింనగర్ పరిసరములు స్థిరనివాసములైనవి. డబ్బింగు గదులు, పాటల రికార్డింగు గదులు, మాటను పాటను చప్పుళ్లను కలిపి సమకూర్చు మిక్సింగు గదులు అచట సాధారణము. ప్రపంచమున ఎచటనైనను ఇట్టి పనిలో ఒక ఆచారము కలదు. పెద్ద స్పీకర్లపై విని సరియన్న పాటను, బల్లమీది చిన్న పెట్టెలో మరల ఒకసారి విందురు. ఆ పెట్టెలో ఒకే ఒక శంకువు ఉండును. గుండెలదరు మంద్రము అందులో రాదు. మిలమిలలాడు తారమును రాదు. అయినను దాని తీర్పునకు విలువ ఉన్నది. ఏలనన, థియేటరులో ఒకనాడు వినబడిన పాట పిమ్మట ఏండ్ల తరబడి టెలివిజనులోను, చేతిఫోనులోను, ఆటోరిక్షాలోను వినబడును. చిన్న పెట్టెలో మాట నిలిచినచో ఎచటనైనను నిలుచును.

ఇట్టి పెట్టెలలో పేరెన్నికగన్నది అమెరికాలో తయారైన ఆరటోన్ 5సీ. చూచుటకు సుమారు ఆరున్నర అంగుళముల ఘనము; అందులో నాలుగున్నర అంగుళముల స్పీకరు ఒక్కటి. 1970, 1980 దశకములలో ఇది రికార్డింగు గదులలో విరివిగా వాడుకకు వచ్చినది. దీనిని నడుపుటకు వేరొక ఆంప్లిఫయరు కావలెను. తరువాతి కాలమున అవాంటోన్ సంస్థ ఇదే పోకడలో, ఆంప్లిఫయరును కూడ లోపలనే ఇమిడ్చిన పెట్టెను అమ్మినది. దానిని స్వయంశక్తి స్పీకరనవచ్చును. ఇట్టివానిని చూచి ఇంటివద్ద పెట్టెలు చేయు ఔత్సాహికులు అనేకులు. కోఠిలోని గుజరాతీ గల్లీలో స్పీకరు, ఆంప్లిఫయరు పలక, అడాప్టరు కొని, వడ్రంగిచేత ప్లైవుడ్ కోయించి, రెండుమూడు ఆదివారములలో పని ముగింతురు. పాఠశాలలలో వైజ్ఞానిక ప్రదర్శనలకు విద్యార్థులును ఇట్టివి చేయుదురు. ఈ కృషి మెచ్చదగినదే. కాని వారిలో చాలమంది అనుకరించునది పెట్టె రూపమును. దాని ఉద్దేశమును గాదు. పెట్టె చిన్నది, ఆశ మాత్రము థియేటరంతది.

ఆంప్లిఫయరును స్పీకరుతో కలిపి ఒకే పెట్టెలో ఉంచుట క్రొత్త ఊహ కాదు. నేటి లౌడ్‌స్పీకర్లకు మూలమైన కదలుచుట్ట స్పీకరును జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెలాగ్ అను ఇంజనీర్లు 1925 లో ప్రకటించిరి. ఆ మరుసటి సంవత్సరమే అంగడికి వచ్చిన రేడియోలా 104 అను స్పీకరులో ఆంప్లిఫయరు లోపలనే ఉండెను. దాని శక్తి ఒక వాటు. ఆ ఒక వాటుతో ఆనాటి ధనికులు ఇంటిల్లిపాది సంగీతము వినిరి. ఈ సంగతి నేటి పెట్టెలపై ముద్రించు అంకెలను చూచునపుడు జ్ఞప్తికి తెచ్చుకొనదగినది.

పెట్టె వెనుక "500 వాట్లు" అని ఉండును. దానికి తగిలించిన అడాప్టరుపై "12 వోల్టులు, 1 ఆంపియరు" అని ఉండును. పండ్రెండును ఒకటితో గుణించిన పండ్రెండు. పండ్రెండు వాట్లు లోనికి పోవు యంత్రము నుండి ఐదువందల వాట్లు నిలుకడగా వెలువడుట శక్తినిత్యత్వ సూత్రమునకు విరుద్ధము. తొమ్మిదవ తరగతి విద్యార్థి పట్టుకొనగల తప్పు ఇది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషను ఇట్టి అంకెల గారడీని అరికట్టుటకు 1974 లోనే నియమము చేసినది. వర్తకుల మాట అటుండనిండు, ఔత్సాహికులును ఈ మోజునకు లోబడుచున్నారు. టీడీఏ 2030 అను చిప్పును "పదునాలుగు వాట్ల చిప్పు" అని కొందురు. కాని పండ్రెండు వోల్టుల అడాప్టరుపై నడిపి, ఎనిమిది ఓముల స్పీకరును తగిలించినచో, వోల్టేజి ఊగగలిగినది ఇటు ఆరు వోల్టులు, అటు ఆరు వోల్టులు మాత్రమే. ఆరు వర్గము ముప్పదియారు. దానిని రెండుతోను, ఎనిమిదితోను భాగించిన రెండుంబావు. చిప్పు తనకొరకు ఉంచుకొను వోల్టేజిని కూడ తీసివేసినచో రెండు వాట్లును దక్కవు. పదునాలుగు వాట్లు పట్టికలో అబద్ధము కావు. అవి వేరే వోల్టేజికి, వేరే ఓములకు చెప్పినవి.

అయినను రెండు వాట్లు తక్కువ యని విచారింప పనిలేదు. సాధారణమైన నాలుగంగుళముల స్పీకరు ఒక వాటుకు ఒక మీటరు దూరమున 86 డెసిబెల్లు ఇచ్చుననుకొందము. దూరము రెట్టించినకొలది ఆరేసి డెసిబెల్లు తగ్గును గనుక నాలుగు మీటర్ల దూరమున 74 మిగులును. ఒక మనిషి మామూలుగా మాటలాడునపుడు ఒక మీటరు దూరమున సుమారు 60 డెసిబెల్లు. అనగా తరగతి గదిలో వెనుక బల్లవానికి కూడ, ఉపాధ్యాయుడు ప్రక్కనే నిలిచి చెప్పినదానికంటె బిగ్గరగా వినబడును. వాట్లను రెట్టింపు చేసినచో పెరుగునది మూడు డెసిబెల్లే, చెవికది స్వల్పము.

ఇక అసలు దోషమునకు వత్తము. ఇంట చేసిన పెట్టె మొదటిసారి పలికినపుడు చేసినవాని ముఖము చిన్నబోవును. ధ్వని పలుచగా, కీచుగా ఉండును. "బేసు లేదు" అని వెంటనే తీర్మానించి, ఆంప్లిఫయరుపై మంద్రమును పెంచు మరను పూర్తిగా త్రిప్పును. ఇచటనే రోగ నిర్ణయము తప్పినది. ఆ పెట్టెలో 50 కంపనముల మంద్రము లేకపోవుట నిజమే. కాని చెవికి పలుచగా తోచుటకు ముఖ్య కారణమది కాదు. లోపించినది 200 నుండి 700 వరకు గల భాగము. మాటకు కండపుష్టినిచ్చునది అదే.

లోపమెందులకు వచ్చినదో తెలియుటకు ధ్వని తరంగముల పొడవును చూడవలెను. సెకనుకు పదివేల కంపనముల ధ్వనికి తరంగదైర్ఘ్యము 3.4 సెంటీమీటర్లు, 300 కంపనముల ధ్వనికి మీటరుకు పైగా. పదునైదు సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టె పొట్టి తరంగములకు గోడవలె అడ్డు నిలిచి, వానినన్నిటిని ముందునకే పంపును. పొడవైన తరంగములకు అది అడ్డే కాదు. ఏటిలో పాతిన గుంజ చుట్టు నీరు ప్రవహించినట్లు అవి పెట్టె చుట్టు వంగి వెనుకకు పోవును. పదునైదు సెంటీమీటర్ల పెట్టెకు ఈ మార్పు 750 కంపనముల ప్రాంతమున నడిమికి వచ్చును. బయలులో ఉంచిన పెట్టెకు క్రింది ధ్వనుల నష్టము కొసకు ఆరు డెసిబెల్లవరకు ఉండును. గోడ దగ్గర ఉంచినచో వెనుకకు పోయినది కొంత తిరిగివచ్చును గనుక నష్టము తగ్గును. స్పీకరు ఎంత మంచిదైనను ఈ నష్టము తప్పదు. అది పెట్టె వెడల్పువలన కలిగినది గాని స్పీకరువలన కాదు.

మంద్రపు మర ఈ లోపమును పూడ్చదు. అది 60 కంపనముల వద్ద పది డెసిబెల్లు ఎత్తినచో ఆ ధ్వనికి పదిరెట్ల శక్తి కావలెను; రెండు వాట్ల ఆంప్లిఫయరు అచటనే చతికిలబడును. శంకువు సంగతి మరింత కష్టము. ధ్వని స్థాయి ఒకటే ఉండి కంపనములు సగమైనచో శంకువు నాలుగురెట్లు దూరము కదలవలెను. పండ్రెండంగుళముల స్పీకరు త్రోయు గాలిని నాలుగంగుళముల స్పీకరు త్రోయవలెనన్నచో, వైశాల్యము పదవవంతు గనుక, పదిరెట్లు ముందువెనుకల కూగవలెను. పైగా సర్వశ్రేణి స్పీకరులో గాయకుని గొంతును పలుకునదియు ఆ శంకువే. మృదంగపు దెబ్బకు అది ఊగినపుడెల్ల గొంతు వణకును. ఇట్లు లేని మంద్రము కొరకు ఉన్న మాటను చెడగొట్టుకొనుట జరుగుచున్నది.

సర్వశ్రేణి స్పీకరుకు గల గొప్ప మాటకు సంబంధించినదే యని మరువరాదు. రెండు స్పీకర్ల పెట్టెలో మంద్రమొకటి, తారమొకటి పంచుకొనును. ఆ పంపకము సాధారణముగా రెండు, మూడు వేల కంపనముల మధ్య, మాటలోని హల్లులు ఉన్నచోటనే పడును. నేర్పుతో చేసిన రెండు స్పీకర్ల పెట్టె అన్నివిధముల మేలైనదే. అయితే ఆ నేర్పు, కొలత పరికరములు లేని ఇంటిలో ఒకే శంకువును నమ్ముటయే తెలివి. అంతటి సుగుణమును మంద్రపు మరకు బలియిచ్చుట విచారకరము.

స్వయంశక్తి పెట్టెకు నిజమైన లాభము ఇచటనే కలదు. వేరే ఆంప్లిఫయరుతో నడుచు పెట్టెలో ఈ లోపమును సవరింపవలెనన్న, స్పీకరు తీగలో పెద్ద రాగిచుట్ట చేర్చవలెను. ఖర్చును, శక్తి నష్టమును అధికము. ఆంప్లిఫయరు మన చేతిలోనే ఉన్నపుడు సవరణను దాని ప్రవేశద్వారముననే చేయవచ్చును. వచ్చు సంకేతమునకు వరుసగా 10 కిలోఓముల నిరోధమును పెట్టి, అచటి నుండి భూతీగకు 18 కిలోఓముల నిరోధమును, 0.01 మైక్రోఫారడు కండెన్సరును ఒకదాని వెంట నొకటి కలుపవలెను. ఆంప్లిఫయరు ప్రవేశ నిరోధము లక్ష ఓములుగాని అంతకు మించిగాని ఉన్నచో, ఎగువ ధ్వనులు క్రిందివానికంటె మూడు, నాలుగు డెసిబెల్లు తగ్గును; మలుపు 700 కంపనముల ప్రాంతమున వచ్చును. క్రింది ధ్వనులను ఎత్తుటకు బదులు పైవానిని దించితిమి గనుక శంకువునకు క్రొత్త శ్రమ లేదు. వెల కొలది రూపాయలు. అయినను ఇంట చేసిన పెట్టెలలో ఇది అరుదు. వెండిరంగు మరలు, రంగురంగుల దీపములు మాత్రము తరచు కానవచ్చును.

పెట్టె ఘనపరిమాణము విషయమునను అందమునకే ఓటు పడుచున్నది. ఆస్ట్రేలియాలో థీల్ 1961 లోను, తరువాత స్మాల్ 1970 దశకములోను చేసిన గణితము ఈనాడు స్పీకరుతో వచ్చు పట్టికలో మూడు అంకెలుగా లభించును. ఒక స్పీకరుకు స్వంత కంపనము 90, సమాన ఘనపరిమాణము 4 లీటర్లు, మూడవ అంకె 0.5 అనుకొందము. దానిని 4 లీటర్ల మూసిన పెట్టెలో ఉంచినచో కంపనము 127 కు పెరుగును. ధ్వని సమముగా ఉండును. ముద్దుగా ఉండునని ఒక లీటరు పెట్టెలో బిగించినచో 200 కు ఎగబ్రాకి, దానికి కొంచెము పైన రెండు డెసిబెల్ల మిట్ట ఏర్పడును. పురుషుని గొంతు కుండలో తలదూర్చి మాటలాడినట్లుండుటకు కారణమిదే. టేకా, ప్లైవుడా యను వాదములు దీని తరువాతివి.

సరిచేయలేని దోషము కూడ ఒకటి కలదు. శంకువు చుట్టుకొలతకంటె తరంగము పొట్టిదైనపుడు ధ్వని టార్చి వెలుగువలె ముందునకే పోవును. నాలుగంగుళముల స్పీకరుకు ఇది 1400 కంపనములనుండియే ఆరంభమగును. అందువలన ఎదుట కూర్చున్నవానికి బుసలక్షరములు తెలియును, ప్రక్క బల్లలవానికి తెలియవు. మిక్సింగు బల్ల ఎదుట ఒక్కడే కూర్చుండును గనుక అచట ఇది దోషము కాదు, తరగతిలో దోషమే. మూడంగుళముల స్పీకరు ఈ విషయమున కొంత నయము. పెట్టెను గది మూల నుండి ఏటవాలుగా త్రిప్పి ఉంచుట మరికొంత నయము.

ఇంత తెలిసికొనుటకు విలువైన పరికరములక్కరలేదు. ఒక విద్యార్థి "సీమ, చీమ, సేవ, చేవ, చాలు, సాలు" అని, మరల "కడప, గడప, పడి, బడి" అని కలగలుపుగా చదువగా ఫోనులో రికార్డు చేసి, పెట్టె ద్వారా వినిపింపవలెను. తక్కినవారు పెట్టెకు వీపు త్రిప్పి, విన్నది వ్రాయవలెను. మొదటి జతలలో తప్పులు ఎక్కువైనచో తారము చాలలేదు, లేక వినువాడు ప్రక్కకు కూర్చున్నాడు. రెండవ జతలలో తప్పులైనచో క్రింది భాగము లోపించినది. పైన చెప్పిన నిరోధములను, కండెన్సరును చేర్చి మరల వ్రాయించి, తప్పులను లెక్కపెట్టవలెను. పెట్టె పలుకక ఊరకున్నపుడు సన్నని గుంయిమను ధ్వని వినవచ్చినచో అది 50 కంపనముల విద్యుత్తుది, లేక దానిని సరిదిశకు మార్చినపుడు మిగిలిన 100 కంపనములది. ట్రాన్స్‌ఫార్మరును పెట్టెలో ఇముడ్చు మోజువలన వచ్చినది. 230 వోల్టులను విద్యార్థి చేతికి ఈయక, బి.ఐ.ఎస్. నమోదు ముద్ర గల మూసిన అడాప్టరును బయటనే ఉంచి పండ్రెండు వోల్టులను మాత్రము లోనికి తెచ్చినచో ఆ మ్రోతయును చాలవరకు తగ్గును, ప్రాణభయమును తప్పును.