‘మా ఇష్టం’ – ఎవరి యిష్టము?

శ్రీ రాంగోపాల్ వర్మగారు 2022లో తెలుగువారి ముందునకు దెచ్చిన యొక చిత్రము పేరు ‘మా ఇష్టం’. ఇద్దఱు స్త్రీల ప్రేమ యందలి వస్తువు. లెస్బియను ప్రేమతో కూడిన నేరకథ భారతదేశమున నిదియే మొదటిదని దాని ప్రకటనలు చాటినవి. వర్మగారు మన కృష్ణాతీరమునకు క్రొత్తవారు కారు. విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాలలో చదివి, నాటి విద్యార్థి ముఠాల యనుభవమును 1989లో ‘శివ’గా మలచి, తెలుగు సినిమాకు క్రొత్త నడక నేర్పినవారు. అట్టివారి చిత్రమును ముక్కు మూసికొని దాటిపోవుట విమర్శ కాదు.

‘ఇది మన సంప్రదాయమున లేనిది’ అనునది యిట్టి చిత్రములపై మొట్టమొదట వినవచ్చు మాట. ఈ మాట నిలుచునది కాదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయము కన్యను చెఱచిన కన్యకు 200 పణముల దండుగయు, పది కొరడా దెబ్బలును విధించినది. లేని నేరమునకు శిక్ష వ్రాయువారుందురా? సుశ్రుతుడు శారీరస్థానమున, స్త్రీ లిరువురు కలిసినచో నెముకలు లేని శిశువు పుట్టునని చెప్పెను. వైద్యముగా నది నేడు నిలువదు గాని, ఆ యూహ కథయై పెరిగిన తీరు విచిత్రము. కృత్తివాసుని వంగ రామాయణపు కొన్ని పాఠములలో, దిలీపుడు సంతానము లేక మరణింపగా, శివుని యాజ్ఞచే నతని రాణు లిరువురు పరస్పరానురాగముతో కలిసి భగీరథుని గందురు. ఎముకలు లేక పుట్టిన యా బిడ్డ అష్టావక్రుని యనుగ్రహమున చక్కనివాడై, పిదప గంగను నేలకు దించెను. సంప్రదాయ మొకచోట దండించినది, ఒకచోట వంశమునే నిలుపుకొన్నది. ఎఱుగనిది మాత్రము కాదు.

వర్మగారి చిత్రమునకు చాల ముందే, 1996లో, దీపా మెహతాగారు ‘ఫైర్’ తీసిరి. ఢిల్లీలో నొక యుమ్మడి కుటుంబము. తోడికోడండ్రు రాధ, సీత. పెద్దకొడుకు ఒక స్వామి నాశ్రయించి, భార్యను ప్రక్కనుంచుకొని తన యింద్రియనిగ్రహమును పదమూడేండ్లుగా పరీక్షించుకొనుచుండును. చిన్నవాని మనసు వేఱొక స్త్రీపై నుండును. వంటింటి సెగ, మాట పడిపోయిన యత్తగారికి చేయు పరిచర్య, మన అట్లతద్దివలె భర్తలకొఱకుండు ఉపవాసము – ఈ దినచర్యనుండియే వారి ప్రేమ మొలకెత్తును. తుదకు రాధ చీరకు వంటింటి నిప్పంటుకొనును. ఆమె బ్రతికి బయటపడును. అగ్నిపరీక్షను సీతకు గాక రాధకు బెట్టుట మెహతాగారి సాహసము. 1998 డిసెంబరులో శివసేనవారు ముంబయి ప్రదర్శనశాలలపై బడిరి. చిత్రము మరల సెన్సారుబోర్డునకు బోయి, 1999లో కోతలు లేకయే తిరిగి వచ్చినది. హిందీ కూర్పున మాత్రము సీత పేరు నీతయైనది! ఒక్క యక్షరము మార్చినచో ధర్మము నిలుచునని నమ్మినవారిని జూచి మేము నవ్వుకొంటిమి.

అయినను ‘ఫైర్’లో నొక లోపము గలదు. మగని యనాదరమే మగువను మగువవైపు నెట్టినదని చూపినచో, మగడు మంచివాడైన నీ ప్రేమ పుట్టకుండెడిదనియే కదా యర్థము! వర్మగారు ఆ లోపమునే మూలధనముగా దీసికొనిరి. పురుషులచే బాధలు పడి పురుషద్వేషము పొందిన యిరువురు స్త్రీల కథ యని వారే చెప్పిరి. ఆపై హత్యలు, పోలీసులు, ముఠాలు. కెమెరా ముఖములపై నిలిచిన సేపు తక్కువ, దేహములపై తిరిగిన సేపెక్కువ. 2010లో తమ పుస్తకమునకు ‘నా ఇష్టం’ అని పేరిడినవారు వర్మగారే. ఇప్పటి ‘మా’లో నా స్త్రీలు చేరినట్లు మాకు గానరాలేదు.

2004లో వచ్చిన లిజీ పుల్లప్పళ్లిగారి మలయాళ చిత్రము ‘సంచారం’ చూడుడు. కిరణ్, దలీలా చిన్ననాటి చెలులు. వారి ప్రేమకు ఏ పురుషుని ద్రోహమును కారణము కాదు. రాజన్ అను యువకుని పేరిట దలీలాకు ప్రేమలేఖలు వ్రాసిపెట్టుచు కిరణ్ తన మనసునే వ్రాయును. ప్రేమకు సాకు వెదకకపోవుటయే యా చిత్రపు బలము.

‘మా ఇష్టం’ను కొన్ని ప్రదర్శనశాలల సంస్థలు వస్తువును బట్టి నిరాకరించినవని వర్మగారు మొఱపెట్టిరి. ఆ నిరాకరణ మాకు సమ్మతము కాదు. ఇట్టి ప్రేమ నేరము కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. వివాహహక్కును మాత్రము 2023 అక్టోబరు 17న నిరాకరించినది. చట్టము తలుపు సగమే తెఱచిన యీ కాలమున, గుడివాడలోనో తెనాలిలోనో పెండ్లిచూపులకు ముస్తాబగుచున్న పిల్ల ‘అమ్మా, నాకీ పెండ్లి వలదు, నా మనసు నా నేస్తముపై నున్నది’ అన్నచో, ఆ తల్లి యెఱిగిన బొమ్మ యేది? మన భాషలో పెద్ద ప్రకటనలతో వచ్చినది నేరములోను నెత్తుటిలోను చిక్కిన యిరువురి బొమ్మ. ఆ బొమ్మలో తన కూతురిని జూచుకొన్న తల్లి పెండ్లిముహూర్తమును మఱింత ముందునకు జరుపును.