తిన్నటి పలకల వంపు

ఆత్మకూరు పాత ఇళ్ల కప్పంటే మిద్దే. దూలాల మీద దంతెలు, వాటిపైన చౌడు మట్టి. తడిసిన చౌడు సందులు పూడుకుని నీటిని దిగనివ్వదు. వాన తక్కువ సీమలో ఆ చదును సరిపోయింది. దోర్నాల దారిలో బైర్లూటి వైపు నల్లమలలోకి పోతే చెంచుల పాత తీరు గుడిసె వేరు. గుండ్రటి గోడ మీంచి తిన్నటి బొంగులు పైన ఒక్కచోట కూడుతాయి, మీద గడ్డి. ఏ బొంగునూ వంచకుండానే కప్పు గుండ్రంగా వస్తుంది.

నాకెంతో ఇష్టమైన, గుర్రపు జీను ఆకారపు కప్పుదీ ఇదే కిటుకు. ఒక దిక్కున ఉబ్బుతుంది, అడ్డదిక్కున దిగుతుంది. రెండు కట్టెలను ఎదురెదురుగా, ఒకటి అటు, ఒకటి ఇటు వాలేటట్టు పెట్టి, మధ్యలో వరసగా పుల్లలు కట్టి చూడండి. జీను తయారవుతుంది, పుల్లలన్నీ తిన్నగానే ఉంటాయి.

ఆర్కిటెక్ట్ ఫెలిక్స్ కాండెలా 1958లో మెక్సికోలోని సొచిమిల్కోలో ఒక హోటలుకు ఇలాంటి వంపులు కలిపి కాంక్రీటు కప్పు పోయించాడు. మందం సుమారు 4 సెంటీమీటర్లు! మన ఇంటి స్లాబు అందుకు రెండింతలు దాటుతుంది. ఉబ్బిన దిక్కు బరువును ఒత్తిడిగా, దిగిన దిక్కు లాగుడుగా పంచుకుంటాయి కాబట్టే అంత పలుచన నిలిచింది.

మరి ఇక్కడెందుకు కట్టరు? స్లాబు పని జరిగేచోట నిలబడి చూడటం నాకు అలవాటు. ఇప్పుడు సెంట్రింగంతా ఇనుప షీట్లే. అవి మెలి తిరగవు. సన్నటి చెక్క పలకలైతే ఒక్కొక్కటి కొంచెం వాలు మార్చుకుంటూ ఆ వంపును మోస్తాయి, కానీ వాటిని అమర్చడానికి కూలి ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ. కూలి పెరిగాకే మెక్సికోలోనూ ఈ పని తగ్గింది. సిమెంటు, కమ్మీ మిగిలినా ఆ మిగులు పలకల పనికే పోతుంది.

అయినా మన ఊరి సంతకో బస్సు స్టాపుకో ఒకటైనా కట్టాలని గట్టిగా కోరుకుంటాను. నాలుగు మూలల్లో రెండు ఎత్తుగా, రెండు పల్లంగా ఉంటే పడిన వానంతా ఆ పల్లపు మూలలకే చేరుతుంది. అక్కడ తొట్టి కడితే చుక్క పోదు. సీమకు ఇంతకంటే పనికొచ్చే కప్పేది? ఒక్క జాగ్రత్త తప్పదు: ఆ రెండు పల్లపు మూలలు బయటికి తన్నుతాయి. పునాదిలోనే వాటిని కమ్మీతో ఒకదానికొకటి బిగించాలి, అంచులకు దూలాలు పోయాలి, లెక్క ఇంజనీరు చేతే వేయించాలి.